ఉల్లి పైపొర, రక్తనాళపు లోపొర

బొమ్మసంద్ర అనగానే మనవాళ్ళకు గుండె ఆస్పత్రి గుర్తుకు వస్తుంది. 2000లో స్థాపించిన నారాయణ హృదయాలయకు సీమనుంచి వచ్చే బంధువులకు తోడు వెళ్ళడం మనకు అలవాటే. 2025 ఆగస్టులో మెట్రో వచ్చాక ఆ ప్రయాణం కొంత సుఖపడింది కూడా. ఆస్పత్రినుంచి తిరిగివచ్చాక వారడిగే ప్రశ్నలలో ఒకటి: “ఉల్లి గుండెకు మంచిదట, నిజమేనా?”

రక్తనాళాల లోపలి గోడకు ఒకే కణం మందాన ఒక పొర వుంటుంది. అది ఉత్త అస్తరు కాదు. నైట్రిక్ ఆక్సైడు అనే వాయువును తయారుచేసి నాళాన్ని సడలించి వుంచుతుంది, నెత్తురు గడ్డకట్టకుండా చూస్తుంది. యీ వాయువు చేసే పని కనుగొన్న ముగ్గురు అమెరికన్లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పొగ, మధుమేహం, రక్తపోటు ఆ పొరను దెబ్బతీస్తాయి. కొవ్వు చేరడం అక్కడే మొదలవుతుంది.

మొక్కలలోని ఫ్లేవనాయిడ్లకు 1936లో సెంట్ జ్యోర్జీ ‘విటమిన్ పి’ అని పేరుపెట్టాడు. విటమిన్ కాదని తేలి ఆ పేరు పోయింది. యివి విషపు ఆక్సిజన్‌ను తామే హరిస్తాయని చాలాకాలం అనుకున్నారు. కాని తిన్నదానిలో నెత్తురుకు చేరేది బహు స్వల్పం. ఆ కాస్తే కణాలను మేలుకొలిపి, నైట్రిక్ ఆక్సైడును ఎక్కువగా తయారుచేయిస్తుందని యిప్పటి అభిప్రాయం.

ఉల్లిలో వుండే ఫ్లేవనాయిడు క్వెర్సెటిన్. అది పైపొరలలోనే ఎక్కువ. కనుక సోదరీమణులకు ఒక విన్నపం: ఎండుపొట్టుతోపాటు కండగల పొరను కూడా ఒలిచి పారవేయకండి. ఉడికించినప్పుడు కొంత నీటిలోకి దిగుతుంది. పులుసయితే ఆ నీరూ మనదే, వార్చి పారబోస్తే పోయినట్లే. కోలారు, చిక్కబళ్ళాపురం పొలాల బెంగుళూరు గులాబి ఉల్లి చాలావరకు ఓడలెక్కి విదేశాలకు పోతుంది. దొరికిననాడు వదలకండి.

అయితే ఉల్లి మందు కాదు. అమెరికాలో 21,442 మందితో కోకో ఫ్లేవనాయిడ్లపై జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. గుండెజబ్బు మరణాలు 27 శాతం తగ్గాయి గాని, మొత్తంమీద గుండెపోట్లు, పక్షవాతం వంటివి తగ్గినట్లు రూఢి కాలేదు. స్టెంటు వేయించుకున్న పెద్దాయన “ఉల్లిపులుసు తింటున్నాను గదా” అని మాత్ర మానితే, స్టెంటులో నెత్తురు గడ్డకట్టవచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. పంపరపనస కూడా కొన్ని కొలెస్టరాల్ మాత్రలతో పడదు; అవి వాడేవారు డాక్టరును అడిగి తినాలి.