బాయికాడి కొట్టాన్ని చెదలు తినలే, మనమే అమ్ముకున్నం

పోస్టు జర పొడుగుంటది. చివరిదాక చదివినంక తిట్టాలనిపిస్తె తిట్టున్రి.

మొన్న మా ఊర్లె ఇంకో కొట్టం విప్పిన్రు. ట్రాక్టర్ల ఎత్తుతుంటె దగ్గరుండి చూసిన. నిట్టాడు, రెండు దూలాలు, ఎనిమిది గుంజలు, అన్నీ చేవదేలిన పాత టేకు. ఒక్క గుంజ అడుగున జానెడు పుచ్చింది, గంతే. దానికే 'కర్ర కొట్టం నిలువది' అని మొత్తం అమ్మేసి ఇనుప పైపులు, రేకులు తెచ్చుకున్నరు. కొన్నాయన ఆ టేకును పొయ్యిల పెడ్తడా? చిత్రిక పట్టి ఫాంహౌసులోళ్లకు అమ్ముతడు. వాళ్లు తోటల కర్ర ఇల్లు కట్టుకొని ఫొటోలు పెడ్తరు. మనం రేకుల కింద చెమటలు తుడుసుకుంట ఆ ఫొటోలు చూస్తం.

నేనేం తక్కువోన్ని గాదు. ఆరేండ్ల కింద బాపు మాట ఇనక బర్ల కొట్టం విప్పి రేకుల షెడ్డు ఏసిన. మన రామగుండం, మంచిర్యాల దిక్కు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులల్ల ఆ షెడ్ల బర్రె రొప్పుడే రొప్పుడు, పాలు సగమైనయి. రెండో ఏడు గాలిదుమారానికి నాలుగు రేకులు లేచి పక్క మక్కచేన్ల వడ్డయి. అక్కడ మనిషుంటె?

గుంజ ఎక్కడ పుచ్చుతదో చూసిన్రా ఎప్పుడన్న? మన్నుకు గాలికి కలిసే జానెడు కాడ. తడీ గాలీ రెండూ దొరికేది అక్కడనే. చెదలు సుత మన్నుల నుంచే ఎక్కుతయి. అందుకే గుంజను మన్నుల పాతొద్దు. రాతి కడీ పాతి, నేల మీద మూరెడు లేపి, గుంజను ఇనుప పట్టీలతోని దానికి బోల్టులు బిగించున్రి. గ్రానైట్ క్వారీల నడుమ ఉండి బండ దొరకదంటె నవ్వుతరు. గుంజకున్న తెల్లచెక్కను చెక్కేయమని వడ్లాయనకు చెప్పున్రి, చెదలకు బువ్వ అదే. లేత టేకుల చాలామటుకు తెల్లచెక్కనే ఉంటది. దాన్ని పాతి 'టేకు సుత పుచ్చింది' అంటె టేకుది తప్పా?

వాసాలకు వెదురు చాలు. అడవి బయట పెంచిన వెదురును 2017ల కేంద్రం చట్టం మార్చి చెట్ల లెక్కల నుంచి తీసేసింది, గెట్ల మీద పెట్టుకోవచ్చు. కొట్టినంక కొన్ని వారాలు కుంటల నానబెడ్తె లోపలి పిండి దిగిపోయి పురుగు తగ్గుతది.

ఇగ మిగిలింది ఏడాదికి ఒక్క పూట పని. మిరుగుకు ముందు గుంజల అడుగు గీకి చూసుడు, చెదమట్టి దులుపుడు, పెంక తిరుగేసుడు. ఉట్నూరు దిక్కు గోండు గూడేలల్ల తడక గోడలకు మట్టి, పెండ మళ్ల మళ్ల మెత్తుతరు, అందుకే నిలుస్తయి. మనం రాత్రి కరెంటు ఉన్నన్నాళ్లు బాయికాడ పండుకున్నం కాబట్టి కొట్టాన్ని చూసుకున్నం. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చినంక అటు తొంగి చూసెటోడు లేడు. చెదలది తప్పంటరు!

కోతులు పెంక పీకుతయంటరు. నిజమే, దానికి నా కాడ జవాబు లేదు. పైన రేకులే ఏసుకోన్రి, కింద వెదురు తడక కట్టున్రి, వేడి జర తగ్గుతది. గుంజలు, దూలాలు మాత్రం ఉన్నకాడ ఉండనీయున్రి.

మా బాయికాడి చిన్న కొట్టం ఇంకా ఉన్నది. ఒక గుంజ పుచ్చింది. ఆదివారం పొద్దుగాల దాన్ని కోసి కింద రాతి కడీ పెడుతున్నం. చూస్తమన్నోళ్లు రాండ్రి, చాయ్ ఉంటది.