టమోటాకి కస్టమ్స్‌లో ఎన్ని నంబర్లో చూడండి

రైతు సోదరులారా, మదనపల్లె యార్డయినా, పుంగనూరు, కుప్పం చేలయినా మనకు టమోటా ఒకటే. కస్టమ్స్ వాళ్లకి అట్లా కాదు. దిగుమతయ్యే ప్రతి సరుక్కీ ఒక హెచ్‌ఎస్ కోడ్ ఉంటుంది. మన దేశంలో 8 అంకెలు. సుంకం దాన్ని బట్టే.

ఫోన్లో కోడ్ వెతికే సైట్ తెరిచి టమోటా అని కొట్టండి. తాజా కాయ 0702, పేస్టు 2002, కెచప్ 2103, రసం 2009. ఆ రసంలో నీళ్లు పోగా మిగిలేది 7 శాతం, ఆపైన ఉంటే మళ్లీ 2002 కిందికే పోతుంది. ఈ సంగతి 20వ అధ్యాయం నోట్స్ చదివితేనే తెలుస్తుంది. మొదట కనపడిన నంబరే ఖాయం అనుకోవద్దు.

మనకెందుకీ గోల అంటారా? 1893లో అమెరికా సుప్రీంకోర్టు టమోటా కూరగాయే అని తీర్పిచ్చింది. ఆ తగాదా కూడా సుంకం గురించే.

బయట్నుంచి టమోటా వస్తోందా అని 0702 ఒక్కటే చూస్తే పేస్టు లెక్క కనపడదు. మన కాయ కొనాల్సిన ఫ్యాక్టరీ బయటి పేస్టు తెచ్చుకుంటే, ఇక్కడ ధర పడిపోయిన రోజు మన కాయ ఎవరు కొంటారు? అందుకే అర్జీ పెట్టేటప్పుడు ఉత్త 'టమోటా దిగుమతి' అని రాయొద్దు. 2002 కింద ఎంత వచ్చింది, సుంకం ఎంత కట్టారు అని నంబరు వేసి అడగండి.