ఇద్దరు సార్లు, ఐదు తరగతులు, పెద్దసారు లేడు

ఏ చిన్న ఊరికైనా పోయి సర్కారు ప్రాథమిక బడి చూడండి. ఒక గదిలో ఒకటి, రెండు తరగతులు. ఇంకో గదిలో మూడు, నాలుగు, ఐదు. ముందు వరుసకు లెక్కలు చెబుతుంటే వెనక వరుస పిల్లలు రాసిందే మళ్లీ రాస్తుంటారు. చూసినవాళ్లు సార్లను తిడతారు. తప్పు సార్లది కాదంటున్నాం మేం.

లెక్క చూద్దాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానం అదనం. ఐదు తరగతులకు కలిపి 18 పాఠాలు. పాఠానికి 40 నిమిషాలేసినా 12 గంటలు. ఇద్దరు పంచుకుంటే తలా ఆరు గంటలు. ఒకరు మీటింగుకు పోయిన రోజు రెండోవారి పని ఏం కావాలె?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లను లెక్కగట్టింది. అంటే ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడపడం గతిలేక చేసే సర్దుబాటు కాదు, చట్టం రాసిపెట్టిన ఏర్పాటే. మరి పుస్తకాలు, టైంటేబుల్ తరగతికో సారు ఉన్నట్టే ఎందుకు తయారవుతున్నాయి?

ఆ చట్టమే 150 మంది దాటితేనే ప్రాథమిక బడికి హెడ్మాస్టర్ అన్నది. మన దగ్గర ఎల్ఎఫ్ఎల్ హెడ్మాస్టర్లున్న బడులు కొన్ని ఉన్నాయి. పెద్దసారు లేని చోట సీనియర్ టీచరే ఇన్‌చార్జి. భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు ఆయన నెత్తినే. బడిని నడిపించడమంటే రిజిస్టర్లు నింపడం కాదు. ఏ పిల్ల ఎక్కడ వెనకబడింది, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలె, ఇద్దరు టీచర్లు పని ఎట్ల పంచుకోవాలె అని చూడడం. ఆ చూపుకు తీరిక ఏది?

దారి లేదనకండి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఒంటిటీచరు బడులు నడిపి చూపించారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. పిల్లలు తరగతిని బట్టి కాక, ఎంతవరకు నేర్చుకున్నారో దాన్ని బట్టి గుంపులుగా కూర్చుంటారు. మెట్టు మెట్టుగా తమ వేగంతో ఎక్కుతారు. సారు అవసరమైన గుంపు దగ్గర కూర్చుంటాడు. ఆ పద్ధతిని తమిళనాడు అందుకున్నది. మనకు పొరుగు పాఠం కూడా అక్కరలేదు, తెలుగు నేలమీదే పుట్టింది.

పిల్లలు తక్కువున్నారు, బడులు కలిపేద్దామనే మాట మళ్లీ మళ్లీ వస్తున్నది. వానాకాలం తండా పిల్ల వాగు దాటి పక్కూరి బడికి పోతుందా? కలపడానికి ముందు ఉన్న బడిని నడిపే తీరు నేర్పండి.

మేం అడిగేది మూడే. ఎంతమంది పిల్లలున్నా ప్రతి ప్రాథమిక బడికీ హెడ్మాస్టర్. టీచరు శిక్షణలో బహుళతరగతి బోధనకు పెద్దపీట. రాతపనికి వేరే మనిషి.

పేదోళ్ల పిల్లలు చదివే బడి గనుక ఎట్లున్నా నడుస్తదనుకుంటే ఆ పిల్లల తల్లిదండ్రులే నిలదీస్తారు. మేం వాళ్ల వెంట ఉంటాం.