ఇల్లు నచ్చింది సరే... కాగితాలు చూశారా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజుల్లో ఎవరిల్లు వాళ్లు కట్టుకునేవారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడైతే ఆ మాట కూడా కలిపేవారే!

వైరాలో మాకు తెలిసిన పెద్దాయన ఒకరు ఈమధ్యే ఉద్యోగ విరమణ చేశారు. చేతికొచ్చిన డబ్బుతో భద్రాచలంలో చిన్న ఇల్లు కొనాలని ముచ్చటపడ్డారు. ‘పొద్దున గోదావరి స్నానం, సాయంత్రం రామయ్య దర్శనం... ఈ వయసులో ఇంకేం కావాలి తల్లీ’ అన్నారు. రెండు గదుల ఇల్లు, ముందు వేపచెట్టు, ఖమ్మంలో ధరకు సగం. సోమవారం రెండు లక్షలు అడ్వాన్సు ఇవ్వాలి. శనివారం సాయంత్రం కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

ఇంటిపన్ను రసీదు ఉంది. కరెంటు బిల్లు ఉంది. నోటరీ చేసిన ఒప్పందం ఉంది. ‘మరి రిజిస్ట్రేషన్ ఎప్పుడు బాబాయిగారూ?’ అనడిగాను. ‘అక్కడ అందరూ నోటరీ మీదే కొంటారటమ్మా’ అన్నారు. ఆ ఒక్క మాటతో సంగతి అర్థమైపోయింది.

భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధన అమల్లో ఉంది. దీన్ని 1963లో తెలంగాణకు కూడా వర్తింపజేశారు. 1970లో సవరించి మరింత గట్టిగా చేశారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే మాట దీని గురించే. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనులు కానివారికి బదలాయిస్తే చెల్లదు. అమ్మేవారూ గిరిజనేతరులే అయినా అంతే. అమ్మకమే కాదు... కానుక, తనఖా, లీజు అన్నీ ఇందులోకే వస్తాయి. దీన్ని సవాలు చేస్తే 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా.

ఇదేం చట్టమని విసుక్కోకండి. అప్పుకింద, తూకం మోసంకింద, వేలిముద్రకింద కోయల భూములు చేతులు మారిపోయిన చరిత్ర నుంచి పుట్టిందది. వాళ్ల నేల వాళ్లకు మిగలాలన్నదే దాని ఉద్దేశం. అందుకే ‘ఏళ్ల తరబడి ఉంటున్నాం, ఎవరూ ఏమీ అనలేదు’ అన్న మాటకు అక్కడ విలువ లేదు. ఫిర్యాదు వచ్చినా, అధికారుల దృష్టికి వచ్చినా కేసు పెట్టి ఖాళీ చేయించవచ్చు. ఇచ్చిన సొమ్ము ఎవరిని అడుగుతారు?

మరి ఏ ఊరు ఆ గీతకు ఇవతల, ఏ ఊరు అవతల? చిక్కు అక్కడే ఉంది. వైరా నుంచి తల్లాడ మీదుగా కొత్తగూడెం వైపు వెళ్తుంటే రోడ్డు మీద ఎక్కడా బోర్డు కనపడదు. కొన్ని మండలాలు మొత్తం షెడ్యూల్డు ప్రాంతం, కొన్నింటిలో కొన్ని గ్రామాలే. 2016లో ఖమ్మం జిల్లా రెండయింది గాని ఆ గీత మారలేదు. కాబట్టి ‘మా మండలంలో ఫర్వాలేదు’ అన్న మధ్యవర్తి మాట నమ్మకుండా, రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు రాసుకుని తహసీల్దారు కార్యాలయంలో అడగండి. భద్రాచలం ఐటీడీఏలోనూ కనుక్కోవచ్చు.

గీతకు ఇవతల కొంటున్నా జాగ్రత్తలు తప్పవు.

పన్ను రసీదు, కరెంటు బిల్లు ఆ ఇంట్లో ఎవరున్నారో చెబుతాయి గాని, ఇల్లు ఎవరిదో చెప్పవు. నోటరీ ముద్ర సంతకానికి సాక్ష్యం, హక్కుకు కాదు. వంద రూపాయలూ ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 నాటి చట్టమే చెబుతోంది. జీపీఏ మీద కొంటే యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈసీ తప్పక తీయించండి. కానీ అందులో ఏమీ లేదంటే గొడవలే లేవని కాదు. రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనపడతాయి. నోటరీ ఒప్పందాలు, అన్నదమ్ముల నోటిమాట పంపకాలు కనపడవు. అందుకే కనీసం ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు చూడండి. తండ్రి ఆస్తి కొడుకు అమ్ముతుంటే ఆడపిల్లల సంతకాలు కూడా అడగండి. అసైన్డు భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం కుదరదు. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూసుకోండి.

‘గుంటల లెక్కన ఇస్తాం’ అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. గుంటంటే 121 గజాలు. లేఅవుట్ అనుమతి లేని పొలాన్ని అలా ముక్కలు చేసి అమ్మేవారున్నారు. వైరా 2018లో మున్సిపాలిటీ అయింది. అంతకుముందు పంచాయతీ అనుమతితో వేశామంటే, ఆ కాగితం తీసుకెళ్లి మున్సిపల్ కార్యాలయంలో చూపించి అడగండి.

నీటి సంగతి మరవద్దు. వైరాలో రిజర్వాయరు ఉంది, ఏరుంది. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 25 ఎకరాలు దాటిన చెరువు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్ల లోపు కట్టడాలు కూడదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగిన దృశ్యం చూశాం కదా! ఇల్లు ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడండి. పక్కింటావిడను ‘నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి వదినా’ అని అడిగితే ఏ మ్యాపూ చెప్పని నిజం చెబుతుంది.

ఇక డబ్బు. రిజిస్ట్రేషన్ ఖర్చులు 2021 జులైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ముప్పై లక్షల ఇల్లంటే రెండుంపావు లక్షలు. సాధారణంగా ఇది బ్యాంకు అప్పులోకి రాదు, విడిగా దాచుకోవాలి. 20 లక్షలు 9 శాతం వడ్డీకి ఇరవయ్యేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 18 వేలు, మొత్తం కట్టేది 43 లక్షల పైమాటే. అప్పు అవసరం లేకపోయినా ఒకసారి కాగితాలు బ్యాంకు లాయరుకు చూపించండి. బ్యాంకు అప్పివ్వనన్న ఇంటికి మీరు డబ్బెందుకివ్వాలి?

మా పెద్దాయన సోమవారం అడ్వాన్సు ఇవ్వలేదు. నాలుగు రోజులు దిగులుగా ఉన్నారు, వేపచెట్టు గుర్తొచ్చి. ఇప్పుడు వైరాలోనే చూస్తున్నారు. ‘రామయ్య దర్శనానికి బస్సులున్నాయిగా తల్లీ, పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంటికొస్తా’ అంటున్నారు.

ఇంటికి రావాలంటే ఆ ఇల్లు మనదై ఉండాలి కదా!