దృశ్యశ్రవ్య పాఠములలో ధ్వనిదోషము – పరిహారము

వేదాంగములలో శిక్ష వర్ణోచ్చారణమునకు సంబంధించిన శాస్త్రము. పాణినీయశిక్ష ఉత్తమ పాఠకుని గుణములను లెక్కించుచు మొదట మాధుర్యమును, వెంటనే అక్షరవ్యక్తిని పేర్కొన్నది. అధమ పాఠకులలో అల్పకంఠుని కూడ చేర్చినది. నేడు అంతర్జాలమున ప్రచురింపబడిన సంస్కృతాంధ్ర పాఠములు పెక్కింటిని వినునపుడు, పాఠకుడు అల్పకంఠుడు కాకపోయినను యంత్రము ఆయనను అట్లు చేసినదని తోచును. పండితుడు శషసలను స్పష్టముగనే పలికియుండును. వినువానికి చేరునప్పటికి ఆ మూడును ఒకే ఊదుడుగా మారిపోవుచున్నవి.

2020లో కోవిడ్ కారణమున కళాశాలలు మూతపడినపుడు అధ్యాపకులు ఇంటనే కూర్చుండి, పవర్‌పాయింట్ స్లైడ్లకు తమ కంఠమును జోడించి పాఠములు సిద్ధపరచిరి. అది ఆపద్ధర్మము. ఫ్యాను గాలి, వీథిలోని ఆటో మోత, ఖాళీ గదిలోని ప్రతిధ్వని అన్నియు వానిలో చేరినవి. అందుకు వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని ఆపద గడచినది. ఆనాటి పాఠములు పెక్కు అట్లే నిలిచియున్నవి. క్రొత్తగా చేరిన విద్యార్థులు వానినే వినుచున్నారు. అచ్చుపుస్తకమున అక్షరము తప్పినచో చివర తప్పొప్పుల పట్టిక చేర్చు మర్యాద మనకు గలదు. చెవికి చేరు పాఠమునకు ఆ మర్యాద ఏల లేదు?

స్లైడుపై అక్షరము కనబడుచునే యున్నది గదా యని కొందరందురు. అక్షరమును చూచుటయే చాలినచో పుస్తకమే చాలును, పాఠమును వినిపింపవలసిన పని లేదు. చూపు లేని విద్యార్థికి ఆ సమాధానము బొత్తిగా పనికిరాదు.

దోషస్వరూపమును కొంచెము పరిశీలింపవలెను. దంత్య సకారపు బలము అధికభాగము సెకనుకు 4,000 కంపనములకు పైననుండును. తాలవ్య శకారపు బలము అంతకంటె క్రిందనే మొదలగును. ధ్వనిని సెకనుకు 8,000 పర్యాయములు మాత్రమే నమూనా తీసి భద్రపరచినచో 4,000 హెర్ట్జులకు పైనున్నదేదియు మిగులదు. పాత టెలిఫోను మార్గము 300 నుండి 3,400 హెర్ట్జుల వరకే మోసెడిది. ఫోనులో ఊరిపేరు చెప్పినపుడు 'స'యా 'ఫ'యా యని మరల అడుగవలసి వచ్చుట అందువలననే. సంభాషణలో ఆ లోటును సందర్భము పూరించును. పాఠములో పూరింపదు, ఆ పదమును విద్యార్థి వినుట అదియే మొదటిసారి. సకలమనగా సమస్తము, శకలమనగా ముక్క. వ్యాకరణము చదువుమని తండ్రి కుమారునికి బోధించు ప్రసిద్ధ చాటుశ్లోకమున ఈ జంట యున్నది. తండ్రి భయపడినది కుమారుని నాలుకను గూర్చి. ఇప్పుడు యంత్రమును గూర్చియు భయపడవలసి వచ్చినది.

అయినను దోషమంతయు నమూనాల సంఖ్యది కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. ఆ కేంద్రము ప్రసారము చేసిన సంస్కృత పాఠము ఎందరికో చెవిద్వారా సంస్కృతమును పరిచయము చేసినది. మీడియం వేవ్ ప్రసారమున కూడ ధ్వనిమార్గము ఇరుకైనదే. కాని స్టూడియో నిశ్శబ్దముగా నుండెడిది, మైకు నోటికి దగ్గరగా నుండెడిది. మైకునకు నోటికి మధ్య దూరము రెట్టింపైనచో నేరుగా చేరు కంఠధ్వని 6 డెసిబెల్లులు తగ్గును; గదిలోని ప్రతిధ్వని మాత్రము ఇంచుమించు అంతే యుండును. బల్లపై దూరముగా పెట్టిన ల్యాప్‌టాప్ మైకు పాఠము నూతిలోనుండి వచ్చినట్లు వినబడుటకు కారణమిదియే.

ఇక పరిహారము. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో మాటలేని కొన్ని క్షణములను నమూనాగా చూపినచో, దానిని పోలిన రొదను పాఠమంతటను తగ్గింపవచ్చును. ఫ్యాను మోత వంటి ఎడతెగని ధ్వనికి ఈ చికిత్స తగును, అదియు మితముగా. మోతాదు మించినచో మహాప్రాణములకే ముప్పు. ఖఘఛఝలలోని ప్రాణము చిన్న ఊపిరియే గదా. యంత్రమునకు అదియు రొదగనే తోచును. ఖకారము కకారమైన తరువాత పాఠము ఎంత నిశ్శబ్దముగా నున్నను ప్రయోజనమేమి? మితిమీరిన గట్టిదనముచే శిఖరములు తెగిపోయిన ధ్వని యథాతథముగా తిరిగిరాదు. ప్రతిధ్వనిని పూర్తిగా విడదీయుటయు కష్టమే. ఇటీవలి కృత్రిమమేధా సాధనములలో కొన్ని పోయినదానిని ఊహించి పూరించును. వార్తాప్రసంగమునకు అది సరిపోవచ్చును గాని, ళకారమును ఊహచే పూరించుట భాషాపాఠమున అంగీకారయోగ్యము కాదు.

కావున చాలచోట్ల మరల పలికించుటయే సులభము. పవర్‌పాయింట్ కంఠధ్వనిని స్లైడు వారీగా భద్రపరచును. చెడిన స్లైడును మాత్రమే తిరిగి పలికి, వీడియోను మరల వెలువరింపవచ్చును. గంట పాఠమునకు పది నిమిషముల శ్రమ చాలవచ్చును. అసలు చిక్కు మరియొకటి: పెక్కుచోట్ల మూలప్రతి దొరకదు, కుదించి ప్రచురించిన వీడియోయే మిగిలియుండును. తాళపత్రమును భద్రపరచు కళాశాల తన పాఠపు మూలప్రతిని పారవేయుట వింత. కుదింపని వేవ్ ప్రతి, సెకనుకు 44,100 నమూనాల ఏకమార్గ ధ్వని, గంటకు 320 మెగాబైట్లలోపే. గ్రంథాలయమునందలి ఒక్క హార్డ్‌డిస్కు కళాశాల పాఠములన్నిటిని మోయగలదు.

మరల పలుకునపుడు ఖరీదైన స్టూడియో అక్కరలేదు. ఫ్యాను ఆపి, పుస్తకముల బీరువాలు, తెరలు ఉన్న గదిలో కూర్చుండి, మైకును నోటికి జానెడు దూరమున, ఫకార భకారముల ఊపిరి నేరుగా తగులకుండ కొంచెము ప్రక్కగా ఉంచినచో చాలును.

ఏ పాఠమును ముందుగా సవరింపవలెనో తేల్చుటకు ఉక్తలేఖనము కంటె మంచి పరీక్ష లేదు. ఆ పాఠము ఎన్నడును వినని మొదటి సంవత్సరపు విద్యార్థులు కొందరిని కూర్చుండబెట్టి, స్లైడు చూపకుండ, వారు నిత్యము వాడు ఫోనులోనే, చవుక ఇయర్‌ఫోనులతోనే వినిపించి వ్రాయింపవలెను. శ స్థానమున స, ణ స్థానమున న, ఘ స్థానమున గ ఏ స్లైడువద్ద అధికముగా వచ్చునో ఆ స్లైడును ఆ వారముననే తిరిగి పలికింపవలెను.