గుండెదడను గుర్తింపుఁడు

మిర్యాలగూడ బియ్యపుమిల్లులో బస్తాలు మోయు కూలివాఁడు గుండెదడ యనినచో ఎండదెబ్బ యనియు, కోదాడలో నొక యిల్లాలు కడుపునిండ తినుచునే చిక్కిపోయినచో మనోవ్యాధి యనియు తలఁచి, బలపుమందులతో నెలలు గడపుట మన ప్రాంతమున నేఁటికిని మానలేదు. అవటుగ్రంథి, అనఁగా థైరాయిడ్, మితిమీరి స్రవించినపుడును ఈ లక్షణములే పొడసూపును. చాచిన చేతివ్రేళ్లపై పలుచని కాగిత మొకటి యుంచి చూడుఁడు. దాని యంచు వణకుట కంటికే తెలియును. అట్టివారికి టీఎస్‌హెచ్, టీ4, టీ3 పరీక్షలు చేయింపకుండుట యన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

టీఎస్‌హెచ్ తగ్గినంతమాత్రమున మందు వ్రాయుటయు తగదు. గ్రంథి వాచి నిలువయున్న హార్మోను రక్తములోనికి కారుచున్నదా, లేక 1835లో డబ్లిన్ వైద్యుఁడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించిన వ్యాధియా యని తేల్చవలెను; మొదటిదానికి కార్బిమజోల్ నిష్ప్రయోజనము, రెండవదానికి సాధారణముగా ఏడాదికి పైఁబడి విడువక వాడవలసిన యౌషధము. అది వాడుచుండఁగా జ్వరమును గొంతునొప్పియు వచ్చినచో వెంటనే నిలిపి, తెల్లరక్తకణములను పరీక్షింపఁజేయవలెనను హెచ్చరికను ప్రతి మందుచీటిపైనను తెలుఁగున వ్రాసి యీయవలెను. ఇందు ఉపేక్ష ప్రాణాంతకము.

1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ ఆరంభించిన రేడియో అయొడిన్ చికిత్సకు (గర్భిణులకది నిషిద్ధము) హైదరాబాదు పోవువారు పోవుదురు గాక. రోగనిర్ణయమునకును, మోతాదు సరిచూచుటకును 2019లో సూర్యాపేటలో వెలసిన ప్రభుత్వ వైద్యకళాశాల వారమున కొకదినము కేటాయింపవలెను.