గ్రంథముల ముచ్చట: సిపాయి షార్పు కథ



యుద్ధకథ లాడువారి కేల యని మీలో కొందరు నవ్వవచ్చును. నేనును మొదట నట్లే యనుకొంటిని. కాకినాడలో చదువుకొనుచున్న మా మేనకోడలు సెలవులకు వచ్చుచు నొక లావుపాటి యింగ్లీషు నవల తెచ్చి, మూడు దినములు దానినుండి తల యెత్తలేదు. పిమ్మట దానిని నా చేతికిచ్చి, "అత్తా, ఈ యుద్ధములో మనవా రే పక్షము?" అని యడిగినది.

ఆ నవల బెర్నార్డు కార్న్‌వెల్ వ్రాసిన షార్పు కథలలో నొకటి. ఈయన లండనున 1944లో జన్మించెను. రచయిత యగుట కొక స్త్రీ కారణము. అమెరికా వనితను వలచి, 1980లో ఆమె దేశమునకు పోగా, అచ్చట ఉద్యోగము చేయుటకు అనుమతి దొరకలేదు. నవల వ్రాయుట కెవరి యనుమతియు నక్కరలేదు గదా! 1981లో మొదటిది వెలువడెను. నేటి కిరువదికి పైగా నైనవి. అన్నియు నెపోలియను కాలపు కథలే.

కథానాయకుడు రిచర్డు షార్పు. తండ్రి యెవరో తెలియదు. తల్లి వాని పసితనముననే పోయెను. అనాథశరణాలయమున పెరిగి, ఉరికంబము తప్పించుకొనుటకై పటాలమున చేరినవాడు. ఆ కాలపు ఆంగ్లసైన్యమున అధికారపదవులు పెక్కులు సొమ్మిచ్చి కొనుక్కొనెడివే. సామాన్యసిపాయి అధికారి యగుట బహు అరుదు. షార్పు అట్లయ్యెను, అయినను పుట్టుక చూచి తోటి దొరలు వానిని తమలో కలుపుకొనరు. కత్తియుద్ధములకంటె ఈ యవమానమే నాచేత పుటలు త్రిప్పించినది. కోడలై క్రొత్తయింట నడుగిడినవారికి దీనిని వివరించి చెప్ప నక్కరలేదు.

మేనకోడలు తెచ్చినది 'షార్ప్స్ టైగర్'. ఇది 1799 నాటి శ్రీరంగపట్టణపు ముట్టడి కథ, 1997లో వెలువడినది. అందు షార్పు చదువురాని సిపాయి. రెండువేల కొరడాదెబ్బల శిక్ష పడి, రెండువందలు తిన్న పిమ్మట నొక రహస్యకార్యమునకై విడువబడి, టిప్పు చెరలో చిక్కును. ఆ చీకటికొట్టులో తోడి బందీయైన యువాధికారి వానికి చదువ నేర్పును. ఆ ఘట్టము నేను రెండుమారులు చదివితిని. టిప్పును చంపినది షార్పే యని కల్పించుట మాత్రము నాకు రుచింపలేదు. చంపిన దెవరో చరిత్ర కెక్కలేదు. అయితే ఏది చరిత్రమో ఏది కల్పనయో గ్రంథాంతమున విప్పి చెప్పుట యీ రచయిత నియమము. మన చారిత్రక నవలలకును ఈ యలవాటు రావలెను.

ఇక మేనకోడలి ప్రశ్న. మనవారు పెక్కుమంది కంపెనీ పక్షముననే యుండిరి. శ్రీరంగపట్టణమునకు నిజాము సేనయు కంపెనీకి తోడుగా నడిచెను. 1803 సెప్టెంబరు 23న అస్సాయిలో వెల్లెస్లీ క్రింద పోరాడిన కాల్బలములో తెల్లపటాలములు రెండే. తక్కిన యైదును మదరాసు సిపాయిలవి. ఆ సేనలో తెలుగువారు పెక్కురు. ఉత్తరదేశమున కంపెనీ సిపాయికి 'తిలంగా' యనియే పేరుపడెను. నవలలో షార్పు దొర యైన దా యుద్ధముననే. ఆ యైదు పటాలములలోని సిపాయి యెంత శౌర్యము చూపినను సుబేదారు పదవిని మించి పోజాలడు. నిన్న వచ్చిన తెల్లకుర్రవానికిని సలాము చేయవలసినదే. ఆ సిపాయిల భార్యాబిడ్డలు సాధారణముగా పటాలము వెంటనే యూరూరు తిరిగెడివారు. బండ్ల ప్రక్కన నడచిన యా యిల్లాండ్రను తలచుకొన్నకొలది నాకు షార్పు కొంత చిన్నవాడైపోయెను.

ఆ యుద్ధములు మన తీరమునకు రాకపోలేదు. ఫ్రెంచివారి యానామును ఆంగ్లేయులు 1793లో పట్టుకొని, 1814 సంధి తరువాత గాని తిరిగి యీయలేదు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాసేనాని లినువా విశాఖపట్టణపు రేవుపై పడి, సెంచూరియను అను ఆంగ్లనౌకతో పోరాడి, ఒక వర్తకనౌకను పట్టుకొనిపోయెను. మన రాజమహేంద్రవరపు చిలకమర్తివారు 'అహల్యాబాయి' వ్రాయునప్పుడు చూపు ఉత్తరదేశముపై నిలిపిరి. ఇంటిముంగిట నింత కథ యున్నదని నాకును ఈ పిల్ల యడుగువరకు తోచలేదు.

మొన్న ఆదివారము ద్రాక్షారామము మీదుగా నిరువురము యానాము పోయితిమి. గౌతమి యొడ్డున కూర్చుండి చాలసేపు మాటలాడక, మేనకోడలు కాగితము తీసి, "అత్తా, అస్సాయికి పోయిన మన సిపాయి భార్యకు పేరేమి పెట్టుదము?" అన్నది. లక్ష్మమ్మ యని నేనంటిని. అది పాతపేరని కొట్టివేసి, మరల దానినే వ్రాసికొన్నది.